ఆంగ్లంలో ఒక తెలుగు కవి: శ్రీనివాస్ రాయప్రోల్

ఆధునిక తెలుగు కవిత్వం చదివే విద్యార్థులకు రాయప్రోలు సుబ్బారావు పేరు సుపరిచితమే. భావకవిత్వానికి ఆద్యుడిగా సాహిత్య చరిత్రకారులు ఆయనను పేర్కొంటారు. దేశభక్తి గేయాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన ‘జన్మభూమి’ గేయం తలపుకు వస్తుంది. ఆ మహాకవి కుమారుడు కూడ కవి అయ్యారన్న విషయం మాత్రం చాలామందికి తెలియదు. తెలియకపోవడానికి కారణం స్పష్టమే. ఆయన తెలుగులో రాయలేదు. తండ్రి పద్యాలు తెలుగునాట ఇంటింటా వినిపిస్తున్న కాలంలో కుమారుడు తన కవితలను ఆంగ్లంలో రాసుకున్నారు. ఆయనే శ్రీనివాస్ రాయప్రోల్. 1925లో సికింద్రాబాదులో జన్మించి, 1998లో కన్నుమూశారు. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు. ప్రవృత్తిరీత్యా కవి, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు.

ఆయన పేరులోనే ఒక విశేషం ఉంది. తెలుగువారి సంప్రదాయం ప్రకారం ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరువాత వస్తుంది. ఆయన ఆంగ్లంలో సంతకం చేసేటప్పుడు ఇంటిపేరును చివరకు జరిపారు. అంతటితో ఆగక ‘రాయప్రోలు’ చివరనున్న ఉకారాన్ని కూడ వదలివేసి ‘రాయప్రోల్’ అని రాసుకున్నారు. తెలుగు అజంత భాష. దాని పదాలు అచ్చుతో ముగుస్తాయి. పరభాషా పదాలు తెలుగులోకి వచ్చినప్పుడు వాటికొక అచ్చు తగిలించి మనవి చేసుకుంటాం. బస్సు, కారు, రైలు అలా వచ్చినవే. ఇక్కడ జరిగింది దానికి విరుద్ధమైన పని. తెలుగు పేరు తన చివరి అచ్చును విడిచిపెట్టి ఆంగ్లంలోకి ప్రవేశించింది. ఇది చిన్న విషయంగానే కనిపించవచ్చు. కాని ఆయన జీవితమంతా ఎదుర్కొన్న ప్రశ్న ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉంది. పుట్టిన భాష ఒకటి, రాసే భాష మరొకటి అయినప్పుడు కవికి ఏది సొంత ఇల్లు?

ఈ ప్రశ్న ఆ కుటుంబంలోకి కొత్తగా వచ్చింది కాదు. సుబ్బారావు 1892లో గుంటూరు మండలంలో జన్మించారు. తొలి రచనల నాటికే ఆయన ఆంగ్ల కవిత్వాన్ని శ్రద్ధగా చదివారు. 1909 నాటి ‘లలిత’కు ఆలివర్ గోల్డ్‌స్మిత్ రచించిన ‘హెర్మిట్’ అనే గాథాకవిత ఆధారం. ‘అనుమతి’కి టెన్నిసన్ రాసిన ‘డోరా’ మూలం. అయితే ఆ కావ్యాలను చదివేవారికి పరాయి వాసన తగలదు. ఆంగ్లేయుల కథ తెలుగు పద్యంలోకి వచ్చేసరికి తెలుగు పల్లెను, తెలుగు మనసును ధరించింది. 1913లో వచ్చిన ‘తృణకంకణం’తో ఆయన తనదైన మార్గాన్ని స్థాపించారు. తరువాత శాంతినికేతనంలో రవీంద్రనాథ ఠాకూరు సన్నిధిలో కొంతకాలం గడిపారు. ఠాకూరు తన వంగ గీతాలను తానే ఆంగ్లంలోకి మార్చి 1912లో లండనులో ‘గీతాంజలి’గా వెలువరించగా, 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఒక కవి తన మాతృభాషలో స్థిరంగా నిలబడి కూడ మరొక భాష ద్వారా ప్రపంచానికి పరిచయం కావచ్చునన్న సత్యం సుబ్బారావు కళ్ళముందే రుజువైంది. ఆయన మాత్రం ఆ దారి పట్టలేదు. పడమటి నుంచి తెలుగులోకి తీసుకురావడమే ఆయన చేసిన పని. తెలుగు నుంచి బయటికి వెళ్ళే దారి కొడుకు వంతు అయింది.

కొడుకు పెరిగిన ఊరిని కూడ కొంత అర్థం చేసుకోవాలి. సుబ్బారావు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. సంస్థానంలో పరిపాలనా భాష కూడ ఉర్దూయే. సికింద్రాబాదు ఆంగ్లేయుల సైనిక శిబిరంగా ఎదిగిన పట్టణం కనుక అక్కడ దుకాణాల బోర్డుల నుంచి పాఠశాలల వరకు ఆంగ్లానిది పైచేయి. బజారులో ఉర్దూ, బడిలో ఆంగ్లం, ఇంట్లో తెలుగు. ఇవి చాలక అరవం, మరాఠీ, కన్నడం వినిపించే వీధులు కూడ ఉండేవి. శ్రీనివాస్ చదివిన నిజాం కళాశాల 1887లో స్థాపితమై, 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆంగ్ల మాధ్యమంలో నడిచింది. ఇటువంటి వాతావరణంలో పెరిగిన బాలుడు ఆంగ్లంలో రాయడాన్ని అనుకరణ మోజుగా కొట్టివేయడం న్యాయం కాదు. గోదావరి లంకల్లోనో, కృష్ణాతీరంలోనో పుట్టిపెరిగిన పిల్లవాడికి తెలుగు ఎంత సహజంగా అబ్బుతుందో, సికింద్రాబాదు కుర్రవాడికి నాలుగు భాషల కలగలుపు అంత సహజం. దానికితోడు ఇంట్లో మహాకవి ఉన్నప్పుడు అదే భాషలో కలం పట్టడానికి కొడుకుకు కలిగే సంకోచం కూడ సామాన్యమైనది కాదు. మర్రిచెట్టు నీడలో మరో చెట్టు మొలవదన్న లోకోక్తి ఉండనే ఉంది.

నిజాం కళాశాల తరువాత ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. 1948లో సివిల్ ఇంజనీరింగ్‌లో ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైనది ఆ ఏటనే. కొత్త దేశానికి ఆనకట్టలు, వంతెనలు, రహదారులు కావాలి. వాటిని కట్టే ఇంజనీర్లు కావాలి. శ్రీనివాస్ వెళ్ళింది ఆ చదువుకే. కాని ఆయన మనసు కొలతల పుస్తకాల మధ్య కవితల పుస్తకాలను కూడ వెదుక్కుంది. 1949లో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, అప్పటికే ప్రసిద్ధుడైన ఒక అమెరికన్ కవికి ఆయన ఉత్తరం రాశారు. ఆ కవి విలియం కార్లోస్ విలియమ్స్.

విలియమ్స్ గురించి కొంత విపులంగా తెలుసుకోవడం అవసరం. 1883లో జన్మించిన ఆయన న్యూజెర్సీ రాష్ట్రంలోని రూథర్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో జీవితమంతా వైద్యుడిగా గడిపారు. పగలంతా రోగుల ఇళ్ళకు తిరుగుతూ, ప్రసవాలు చేయిస్తూ, ఖాళీ దొరికిన క్షణంలో మందుచీటీల కాగితం మీద కవితాపాదాలు రాసుకునేవారని ప్రసిద్ధి. తండ్రి ఇంగ్లండులో పుట్టినవాడు, తల్లి పోర్టోరికో దీవికి చెందిన స్త్రీ. అందువల్ల ఆయన చిన్నతనంలో ఇంట స్పానిష్ వింటూ పెరిగారు; తరువాతి కాలంలో స్పానిష్ కవితలను ఆంగ్లంలోకి అనువదించారు. 1922లో టి. ఎస్. ఎలియట్ ‘వేస్ట్ లాండ్’ వెలువడి కవులందరినీ పాండిత్యం వైపు, ప్రాచీన గ్రంథాల ప్రస్తావనల వైపు లాగుకొనిపోగా, విలియమ్స్ దానిని కవిత్వానికి జరిగిన పెద్ద నష్టంగా భావించారు. కవి తన ఊరి మాటనే వినాలని, కళ్ళముందున్న వస్తువునే చూడాలని ఆయన పట్టుదల. వానలో తడిసిన ఎర్రని తోపుడుబండి వంటి అతి సామాన్య దృశ్యం కూడ ఆయన చేతిలో కవితావస్తువు అయింది. ‘పాటర్సన్’ అనే దీర్ఘకావ్యంలో ఒక పారిశ్రామిక పట్టణాన్ని, దాని పక్కనే ప్రవహించే నదిని, జలపాతాన్ని వస్తువుగా తీసుకొని 1946 నుంచి 1958 వరకు ఐదు భాగాలుగా వెలువరించారు.

వైద్యవృత్తిలో ఉంటూ కవిత్వం రాసిన అరవైయారేళ్ళ పెద్దాయనకు ఇంజనీరింగ్ చదువుతూ కవిత్వం రాస్తున్న తెలుగు యువకుడు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఇద్దరి మధ్య 42 ఏళ్ళ వయోభేదం. ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు 1958 వరకు సాగాయి. ఇందులో శ్రీనివాస్ నేర్చుకున్నది ఛందస్సు కాదు, అలంకారం కాదు, పొదుపు. చెప్పవలసినది చెప్పి ఆగిపోవడం. వస్తువును దాని పేరుతో పిలవడం. అయితే ఈ గురుబోధలోనే శిష్యుడికి ఒక చిక్కు ఉంది. తన ఊరి మాటను వినమని విలియమ్స్ సిద్ధాంతం. రూథర్‌ఫర్డ్ వైద్యుడికి ఊరి మాట, ఇంటి మాట, కవిత్వపు మాట దాదాపు ఒకటే. సికింద్రాబాదు కవికి అలా కాదు. ఆయన ఆంగ్లంలో రాస్తున్నారు. కాని ఆయన వీధిలో కూరగాయలమ్మే మనిషి ఆంగ్లంలో బేరమాడదు. వంటింట్లో తల్లి ఆంగ్లంలో పిలవదు. పసిబిడ్డను జోకొట్టే పాట ఆంగ్లంలో లేదు. గురువు చెప్పిన పాఠాన్ని అక్షరాలా పాటిస్తే శిష్యుడు తెలుగులోకి తిరిగి రావాలి. తిరిగి రాకుండా ఆ పాఠాన్ని పాటించడమెలాగన్నదే ఆయన కవిత్వ సాధనగా పరిణమించింది.

1951 నాటికి ఆయన స్వదేశానికి తిరిగివచ్చి, ప్రభుత్వ ఇంజనీరుగా ఉద్యోగ జీవితం సాగించారు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అంతకు ముందు ఏడాది నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది. ఇంజనీర్లకు తీరిక లేని కాలమది. అదే 1956లో శ్రీనివాస్ సికింద్రాబాదు నుంచి ‘ఈస్ట్ అండ్ వెస్ట్’ అనే ఆంగ్ల సాహిత్య త్రైమాసికాన్ని ప్రారంభించారు. తూర్పు, పడమర అన్న ఆ పేరులోనే పత్రిక ఆశయం ఉంది. భారతీయ రచయితలను, విదేశీ రచయితలను ఒకే అట్టల మధ్యకు తీసుకురావడం ఆయన తలపెట్టిన పని. పెద్ద సంస్థల అండ లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ, సాహిత్య పత్రిక నడపడం ఎంత కష్టమో తెలుగునాట పత్రికలు పెట్టి ఆస్తులు పోగొట్టుకున్న వారి చరిత్రలు చదివితే అర్థమవుతుంది. అయినప్పటికీ పత్రిక 1961 వరకు నడిచింది. ఐదేళ్ళ ఆయుర్దాయం లఘుపత్రికకు తక్కువేమీ కాదు.

ఆ దశకంలోనే ఒక పెద్ద వివాదం చెలరేగింది. భారతీయులు ఆంగ్లంలో కవిత్వం రాయగలరా అన్నది చర్చ. వాస్తవానికి ఈ ప్రశ్న శతాబ్దం నాటిది. మైకేల్ మధుసూదన్ దత్తు 1849లో మద్రాసులో ఉండగా ‘కాప్టివ్ లేడీ’ అనే ఆంగ్లకావ్యం ప్రచురించారు. దానిని చదివిన బెథూన్ అనే ఆంగ్లేయ అధికారి, ఈ ప్రతిభను మాతృభాషకు వినియోగించడం మేలని సూచించారు. దత్తు వంగభాషకు మరలి 1861లో ‘మేఘనాదవధ’ను రచించి ఆధునిక వంగ కవిత్వానికి పునాది వేశారు. మన గురజాడ అప్పారావు కథ కూడ ఇటువంటిదే. 1883లో ఆయన ‘సారంగధర’ను ఆంగ్లపద్యాల్లో రాశారు. కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొని పునర్ముద్రించి, మాతృభాషలో రాయవలసిందిగా ప్రోత్సహించారని సాహిత్య చరిత్ర చెబుతుంది. ఆ సలహా పాటించడం తెలుగువారి అదృష్టం. ఈ ఉదాహరణలను ముందు పెట్టుకొని చూస్తే, ఆంగ్లంలో మొదలుపెట్టినవాడు ఎప్పటికైనా ఇల్లు చేరక తప్పదన్న అభిప్రాయం కలుగుతుంది. 1963లో స్టీఫెన్ స్పెండర్, డొనాల్డ్ హాల్ సంపాదకత్వంలో వెలువడిన ఒక కవిత్వ విజ్ఞాన సర్వస్వంలో ప్రసిద్ధ వంగకవి బుద్ధదేవ బోసు సరిగా ఈ వాదననే చేశారు. భారతీయుల ఆంగ్ల కవిత్వానికి ముందుదారి లేదని ఆయన తేల్చివేశారు.

కలకత్తాలో 1958లో ‘రైటర్స్ వర్క్‌షాప్’ అనే ప్రచురణ సంస్థను స్థాపించిన పి. లాల్ దీనికి సమాధానం చెప్పడానికి పూనుకున్నారు. ఆంగ్లంలో రాసే కవులకు ప్రశ్నావళి పంపి, వారి జవాబులను, కవితలను కలిపి 1969లో పెద్ద సంకలనంగా ప్రచురించారు. లాల్ స్వయంగా కవి, మహాభారతాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన అనువాదకుడు. ఆయన ప్రచురించే పుస్తకాలకు చేనేత చీరల బట్టతో అట్టలు కుట్టించేవారు. అట్ట మీది అందమైన అక్షరాలు ఆయన చేతిరాతే. లోపల ఆంగ్లం, పైన నేతచీర. వాదోపవాదాల కంటె ఆ పుస్తకాల రూపమే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. శ్రీనివాస్ మూడు కవితా సంపుటాలూ ఆ సంస్థ నుంచి వెలువడినవే. ‘బోన్స్ అండ్ డిస్టెన్సెస్’ 1968లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 43. ‘మ్యారీడ్ లవ్’ 1972లో, ఎంపిక చేసిన కవితల సంపుటి 1995లో వచ్చాయి. రెండవదానికీ మూడవదానికీ నడుమ ఇరవైమూడేళ్ళ ఎడం. వివాదంలో ఎవరు గెలిచారన్నది పక్కనపెడితే, శ్రీనివాస్ ఇల్లు చేరిన దత్తు వంటివారు కారు. ముందుదారి లేదని పెద్దలు చెప్పిన చోటనే ఆయన నిలబడి రాశారు.

ఏమి రాశారు? ‘మ్యారీడ్ లవ్’ అన్న శీర్షిక చూడండి. దాంపత్య ప్రేమ అని దాని అర్థం. ఆ పేరు గల కవితలో సాయంకాలం పాతకారులో ఇల్లు చేరే గృహస్థు ఉంటాడు. వంటింటి పని మధ్యలో, చెదిరిన జుట్టుతో, నలిగిన చీరతో ఎదురువచ్చే భార్య ఉంటుంది. గేటు రెక్కలు పట్టుకొని వేలాడే ఆడపిల్లలు ఉంటారు. ఇంతకంటె సామాన్యమైన దృశ్యం ఉండదు. ఇప్పుడు తండ్రి కావ్యాన్ని దీని పక్కన పెట్టాలి. ‘తృణకంకణం’లో చిన్ననాటి నుంచి ప్రేమించుకున్న యువతీయువకులు విధివశాన విడిపోతారు. ఆమె మరొకరి ఇల్లాలవుతుంది. తరువాత కలుసుకున్నప్పుడు ఆ ప్రేమను స్నేహంగా మలచుకొని, గడ్డిపోచల కంకణాన్ని గుర్తుగా నిలుపుకుంటారు. దేహవాంఛకు అతీతమైన ఈ ప్రేమనే సుబ్బారావు అమలిన శృంగారమన్నారు. ఒక తరం తెలుగు యువకులు దానికి ముగ్ధులయ్యారు. తండ్రి కావ్యంలో ప్రేమ పెళ్ళి వెలుపల, దేహం వెలుపల, ఆకాశంలో ఉంది. కొడుకు కవితలో అది వంటింటి మసితో గేటు దగ్గర నిలబడింది. తండ్రిని ఖండిస్తూ కొడుకు ఒక వ్యాసమైనా రాయనక్కరలేదు. ఆ ఒక్క దృశ్యం చాలు.

భాషలోనూ ఇంతే భేదం. తండ్రిది తత్సమ పదాల సొంపుతో, సమాసాల నడకతో సాగే పద్యం. కొడుకుది పొట్టి పాదాల వచనకవిత. బల్ల మీద పెట్టిన నారింజపండ్లు ఒక కవితకు వస్తువు. శీర్షిక కూడ అదే. శరీరం, వయసు మళ్ళడం, కోరిక, విసుగు, మరణ భీతి, చేయవలసిన పని చేయలేకపోయామన్న అసంతృప్తి, ఇవి ఆయన కవితల్లో మళ్ళీమళ్ళీ వస్తాయి. అన్ని కవితలూ సమానంగా పండలేదు. కొన్నిచోట్ల చదివిన కవుల గొంతు వినిపిస్తుంది. కాని తన గురించి తాను అబద్ధమాడని కవి ఆయన. పరభాషలో రాసేవారు తరచు తమ దేశాన్ని విదేశీయుల కోసం రంగులద్ది చూపుతారు. ఏనుగులు, సన్న్యాసులు, మల్లెపూలు వరుసగా వస్తాయి. శ్రీనివాస్ ఆ ప్రలోభానికి లొంగలేదు.

ఆయన అనువాదకుడు కూడ. తెలుగు కవితలను ఆంగ్లంలోకి తీసుకువెళ్ళారు. ఈ పని ఎంత కఠినమో విద్యార్థులు తామే పరీక్షించి చూడవచ్చు. కోనసీమ వారి నోట నిత్యం వినిపించే నాలుగు మాటలు తీసుకుంటే చాలు. ‘లంక’ అన్న మాటకు నిఘంటువులో ద్వీపమని అర్థం దొరుకుతుంది. ఆంగ్లపాఠకుడు ద్వీపమనగానే సముద్రాన్ని ఊహిస్తాడు. గోదావరి లంకలో పుట్టినవాడికి ఆ మాటతో ఒండ్రుమట్టి, వరదలు, పడవ రేవు, కొబ్బరితోట, కూరగాయల పాదులు ఒక్కసారిగా గుర్తుకు వస్తాయి. ‘మడి’ వరిపొలంలో గట్ల నడుమ ఉండే చెక్క. ఇంట్లో అదే మాట ఆచారమనే అర్థంలో వాడుతారు. ‘ప్రభ’ సంస్కృతంలో కాంతి. అంబాజీపేట మండలంలో కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పరిసర గ్రామాల నుంచి తరలివచ్చే ప్రభలు వెదురు కట్టి, రంగుల వస్త్రాలతో అలంకరించి, పచ్చని వరిచేలమీదుగా, కాలువ నీటిలోంచి భుజాల మీద మోసుకువచ్చే పెద్ద నిర్మాణాలు. ‘తీర్థం’ కథ ఇంకా చిత్రమైనది. అది పుణ్యక్షేత్రం, గుడిలో పుచ్చుకొనే పవిత్రజలం, కోనసీమలో జాతర. ‘తీర్థానికి వెళ్ళి తీర్థం పుచ్చుకున్నాడు’ అన్న చిన్న వాక్యాన్ని ఆంగ్లంలోకి మార్చబోయినవాడు మొదటి అడుగులోనే తడబడతాడు. రెండు మాటలు వాడితే అందం పోతుంది. ఒకే మాట వాడితే అర్థం పోతుంది.

పద్యమైతే కష్టం రెట్టింపు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు. రెండవ అక్షరం ప్రాస, పదవ అక్షరం యతి. చెవికి పట్టుకునేది ఆ బిగువు. ఆంగ్ల ఛందస్సు అక్షరాల గురులఘువుల మీద కాక, ఉచ్చారణలోని ఊనిక మీద ఆధారపడుతుంది. కనుక పద్యం ఎల్లలు దాటేటప్పుడు దాని నడక ఇవతలి గట్టునే ఉండిపోతుంది. సంబోధనల సంగతి చెప్పనక్కరలేదు. నువ్వు, మీరు, తమరు, ఏమే, ఒరే, ఏమండీ అన్నింటికీ ఆంగ్లంలో ఒక్కటే మాట. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారన్న దానిలోనే మన కథల్లో సగం కథ ఉంటుంది. అనువాదకుడు ఏది వదులుకోవాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఏదీ వదులుకోనన్నవాడి అనువాదం ఎవరూ చదవలేరు.

ఆయన సమకాలికులలో ఈ విషయమై పోల్చదగిన కవి ఏ. కె. రామానుజన్. 1929లో మైసూరులో తమిళ కుటుంబంలో జన్మించి, షికాగోలో ఆచార్యులైన రామానుజన్ ఆంగ్లంలోనూ, కన్నడంలోనూ కవిత్వం రాశారు. తమిళ సంగ కవితలను, కన్నడ వచనాలను అపూర్వమైన ఆంగ్లంలోకి అనువదించారు. చివరి కాలంలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి మన క్షేత్రయ్య పదాలు అనువదించారు. ఆ పుస్తకం ఆయన మరణానంతరం 1994లో వెలువడింది. రామానుజన్‌కు అనువాదమే రెండు ఇళ్ళ నడుమ వంతెన అయింది. ఒక ఇంట్లో విన్నది మరొక ఇంట్లో చెప్పారు. శ్రీనివాస్‌కు వంతెనలు కట్టే విద్య వృత్తిలో ఉన్నా, సాహిత్యంలో అంత సావకాశం చిక్కలేదు. విశ్వవిద్యాలయపు తీరిక వేరు, సర్కారు ఇంజనీరు తీరిక వేరు. అందుకే ఆయన అనువాదాలు ఆయన కవిత్వం వెనుక నిలబడిపోయాయి.

1965లో ‘మిశ్రమంజరి’కి తండ్రికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1984లో, తొంభైరెండేళ్ళ నిండు వయసులో, సుబ్బారావు పరమపదించారు. అప్పటికి కొడుకు అరవయ్యవ పడికి చేరువలో ఉన్నారు. తండ్రి పేరు తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. కొడుకు పేరు తెలుగువారి ఆధునిక కవుల జాబితాలోకి రాలేదు, ఎందుకంటే ఆయన రాసింది తెలుగు కాదు. ఆంగ్ల కవుల తొలి వరుసలోకీ రాలేదు. బొంబాయిలో నిస్సిం ఎజికీల్ చుట్టూ, కలకత్తాలో పి. లాల్ చుట్టూ కవుల గుంపులు ఏర్పడిన రోజుల్లో సికింద్రాబాదులో ఆయన దాదాపు ఒంటరి. పుస్తకాలు తక్కువ ప్రతులు అచ్చయ్యేవి, దొరకడం దుర్లభం. 1995లో ఎంపిక కవితలు వచ్చిన మూడేళ్ళకు, 1998లో, ఆయన మరణించారు.

ఆయన పేరిట ఏర్పడిన సాహిత్య ట్రస్టు 2009లో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆంగ్లశాఖతో కలిసి, ఆంగ్లంలో రాసే భారతీయ యువకవులకు ఒక బహుమతిని నెలకొల్పింది. 2018లో అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ ఆయనకూ విలియమ్స్‌కూ నడుమ నడిచిన ఉత్తరాలను గ్రాజియానో క్రాట్లీ సంపాదకత్వంలో పుస్తకంగా వెలువరించింది. ‘ఇప్పుడు కవిత ఎందుకు రాయాలి’ అన్నది ఆ గ్రంథనామానికి తెలుగు అర్థం. 2020లో ఇంగ్లండులోని కార్కనెట్ సంస్థ ఆయన కవితలను, వచన రచనలను ‘యాంగ్యులర్ డిజైర్’ పేరుతో ప్రచురించింది. క్రాట్లీతో పాటు శ్రీలంక తమిళ కుటుంబానికి చెందిన ఆంగ్లకవి విద్యన్ రవీంతిరన్ దానికి సంపాదకులు. సికింద్రాబాదులో కొద్ది ప్రతులుగా తిరిగిన కవితలు ఇరవైరెండేళ్ళ తరువాత మాంచెస్టరులో అచ్చయ్యాయి. ఆ పుస్తకం అట్ట మీద కూడ ఆయన ఇంటిపేరు చివర ఉకారం లేదు.